బుధవారాల లైన్స్‌మన్

ఆ కాలేజీలో లెక్కలు చెప్పడానికి చేరినప్పుడు నా ఉద్యోగంలో ఫుట్‌బాల్ కూడా ఒక భాగమని ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంటర్వ్యూలోనే ఒక దండం పెట్టి లేచి వచ్చేవాణ్ణి. అది ఇంగ్లండ్‌లో సైన్యం నడిపే కాలేజీ. పదహారు నిండిన పిల్లలు వచ్చి, రెండేళ్లు అక్కడే హాస్టల్లో ఉండి చదువుకుని, తర్వాత యూనివర్సిటీకి, అక్కణ్ణుంచి సైన్యంలోకి ఆఫీసర్లుగా వెళతారు. నాలాంటి సివిలియన్ లెక్చరరు పాఠం చెప్పి, లీసెస్టర్‌లో ఉన్న తన ఫ్లాట్‌కి తాను కారెక్కి పోతే సరిపోతుందనుకున్నాను. అక్కడి పద్ధతి వేరు. బుధవారం మధ్యాహ్నం క్లాసులుండవు, అందరూ ఆటలకు పోవాలి. అందరూ అంటే స్టాఫ్‌రూములో కూర్చుని టీ తాగేవాళ్లతో సహా. లండన్‌లో ఒలింపిక్స్ అయిన ఆ ఏడాది సెప్టెంబర్‌లో నోటీసుబోర్డు మీద ఎవరికి ఏ ఆటో చెప్పే రోటా పెట్టారు. నాకు ఫుట్‌బాల్ పడింది.

నాకు క్రికెట్ తెలుసు. పేకాట తెలుసు. ఫుట్‌బాల్ అంటే టీవీలో ఛానల్ మార్చేటప్పుడు కనబడే పచ్చటి నేల, అంతే. ఆ సంగతే జట్టు కోచ్‌తో చెప్పాను. ఆయన సైన్యంలో సార్జెంట్‌గా చేసి రిటైరై, ఇక్కడ పిల్లలకు వ్యాయామం నేర్పేవాడు. మోకాలు సరిగా పనిచేయదు, నోరు మాత్రం బాగా పనిచేస్తుంది.

"మీకు ఏం తెలియకపోవడమే నాకు కావాలి సార్," అన్నాడు. "తెలిసినవాళ్లందరూ నాకు సలహాలిస్తారు." నా చేతిలో పసుప్పచ్చ జెండా ఒకటి పెట్టాడు.

లైన్స్‌మన్ అంటే గీత పక్కన పరుగెత్తే మనిషి. పెద్ద మ్యాచ్‌లకు వాళ్లు కూడా రిఫరీలే. మా కాలేజీల లీగ్‌లో అంత డబ్బు లేదు కనుక రిఫరీ ఒక్కడే వస్తాడు, ఒక్కో జట్టూ ఒక్కో లైన్స్‌మన్‌ని తెచ్చుకోవాలి. నేను చూడాల్సింది ఆఫ్‌సైడ్. మనవాడు ముందుకు బంతి అందించే క్షణంలో, దాన్ని అందుకోబోయేవాడు అవతలి జట్టు ఆఖరి డిఫెండర్‌ని దాటి ముందుకు పోయి ఉండకూడదు. గోల్‌కీపర్ లెక్కలోకి రాడు. దాటి ఉంటే జెండా ఎత్తాలి, గోల్ కొట్టినా చెల్లదు. ఇంకో విడ్డూరం ఏమిటంటే, మనవాళ్లు గోల్ మీదికి పోయే సగం మైదానాన్ని మన లైన్స్‌మనే చూడాలి. అంటే మనవాడి తప్పు మనమే పట్టుకోవాలి. ఎవడు పెట్టాడో ఆ రూలు, వాడికి సొంత జట్టు లేదు కాబోలు.

మొదటి మ్యాచ్ మా గ్రౌండ్‌లోనే. గాలి ఈడ్చి కొడుతోంది. మా కెప్టెన్ అవతలి డిఫెండర్ కంటే ఒక గజం ముందున్నాడు, బంతి వచ్చింది, గోల్ కొట్టాడు. నేను చూశాను. కళ్లారా చూశాను. జెండా కాలికి ఆనించి కదలకుండా నిలబడ్డాను. రిఫరీ నావైపు చూసి గోల్ ఇచ్చేశాడు. అవతలి లైన్స్‌మన్ వాళ్లలో ఒక పిల్లవాడి తండ్రి. నేను ఇంగ్లండ్ వచ్చాక నేర్చుకోని మాటలు కొన్ని ఆ మధ్యాహ్నం ఆయన నేర్పించాడు. నాకు చీమ కుట్టినట్టైనా లేదు. ఒకటి-సున్నాతో గెలిచాం.

ఎందుకు కుట్టలేదో చెప్పాలి. నేను పుట్టి పెరిగింది ప్రొద్దుటూరులో. అక్కడ మేం క్రికెట్ ఆడితే, బ్యాటింగ్ చేస్తున్న జట్టువాడే అంపైర్. ఔటై వచ్చి కూర్చున్నవాడు పోయి వికెట్ల వెనక నిలబడేవాడు. అలా నిలబడ్డవాడు తనవాడికి ఎల్బీడబ్ల్యూ ఇచ్చిన చరిత్ర మా ఊళ్లో లేదు. ఇస్తే సాయంత్రం ఇంటికి ఒంటరిగా నడిచి పోవాలి. అవతలివాళ్లు కాసేపు కొట్లాడి ఊరుకుంటారు, తమ బ్యాటింగ్ వచ్చినప్పుడు వాళ్లూ అదే పని చేస్తారు. దాన్ని మోసం అనేవాళ్లు ఎవరూ లేరు. జట్టు అంటే అదే. జెండా చేతికిచ్చి మన వైపు నిలబెట్టారంటే మనవాళ్ల కోసమే కదా అని నేననుకోవడంలో తప్పేముంది?

మ్యాచ్ అయ్యాక కెప్టెన్ నా దగ్గరికి వచ్చాడు. నా క్లాసులో వెనక వరసలో కూర్చునే కుర్రాడే, చివరి ఏడాది. భుజం తడతాడేమో అనుకున్నాను.

"సార్, నేను ఆఫ్‌సైడ్‌లో ఉన్నా కదా?"

"ఉన్నావు."

"మీరు చూళ్లేదా?"

"చూశాను."

"మరి?"

"మన గోలే కదయ్యా," అన్నాను.

వాడు నోరు తెరిచి, మూసి, సార్జెంట్ వైపు చూశాడు.  సార్జెంట్ గెలిచిన జట్టునంతా వరసలో నిలబెట్టి, ఆ బురదలో గ్రౌండ్ చుట్టూ పరుగెత్తమన్నాడు. ఎందుకని ఒక్కడూ అడగలేదు. నేనూ వరసలోకి పోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "మీరు అక్కర్లేదు సార్. సివిలియన్ కదా. నిలబడి చూడండి."

నాకు ఒళ్లు మండిపోయింది. తిట్టినా బాగుండేది. నా ఒక్కడి మూలంగా పదకొండు మంది రొప్పుకుంటూ పరుగెడుతుంటే, చేతిలో జెండా పట్టుకుని జాతరలో తప్పిపోయినవాడిలా నిలబడ్డాను.

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పుకున్నాను. ఆమెది గుంటూరు. హాస్పిటల్లో ల్యాబ్‌లో ఉద్యోగం, మనిషికి జాలి తక్కువ. పడీపడీ నవ్వింది. "మీ ప్రొద్దుటూరు తెలివి ఇంగ్లండ్ దాకా మోసుకొచ్చారన్నమాట," అంది. నవ్వి నవ్వి, కాళ్లకు రాసుకోమని బామ్ చేతిలో పెట్టి, "అయినా ఆడేవాళ్లు వాళ్లయితే ఒళ్లు నొప్పులు మీకేంటండీ?" అని మళ్లీ మొదలుపెట్టింది.

నేను పంతం మనిషిని. సరే, మీకు నిజాయితీ కావాలా, కడుపు నిండా పెడతాను అనుకున్నాను. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని ఆఫ్‌సైడ్ వీడియోలు చూశాను. బంతిని చూడకూడదని నేర్చుకున్నాను. ఆఖరి డిఫెండర్‌కి సరిగ్గా ఎదురుగా ఉంటూ, అతను కదిలితే కదలాలి, బంతిని తన్నిన చప్పుడు చెవితో వినాలి. ఆ తర్వాతి బుధవారం మావాళ్ల మీద జెండా ఎత్తాను. ఆపై వారం కూడా ఎత్తాను. ప్రతిసారీ కుర్రాళ్లు లోలోపల ఏదో గొణుక్కునేవాళ్లు. కానీ ఆట అయ్యాక ఒక్కొక్కడూ వచ్చి "కరెక్టే, లైనో" అని చెప్పి పోయేవాడు. లైన్స్‌మన్‌కి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు లైనో. ఆ జట్టులో అదొక ఆనవాయితీ. ఎంత కడుపుమంటగా ఉన్నా వచ్చి ఆ మాట చెప్పాల్సిందే.

ఆ పేరు నాకెంత నచ్చిందో చెప్పడానికి ఇప్పటికీ కాస్త సిగ్గే. కారిడార్‌లో నేను సార్‌ని. నా వెనక నా యాసలో "థీటా" అని పలికి నవ్వుకునేవాళ్లు ఉన్నారని నాకు తెలుసు. స్టాఫ్‌రూములో అందరూ మర్యాదస్తులే, ఎంత మర్యాద అంటే నెలలు గడిచినా ఒక్కరూ తమ ఇంటికి రమ్మనలేదు. బుధవారం మధ్యాహ్నం మాత్రం బురద ప్యాంటుతో, ముక్కు కారుకుంటూ, నేను లైనోని. హాఫ్‌టైమ్‌లో నారింజ ముక్కలు పంచుతూ నాకూ ఒకటి విసిరేవాళ్లు. అలా విసిరితే పట్టుకోవడం ఒక గౌరవమని నాకప్పుడే తెలిసింది.

మ్యాచ్‌కి ముందు మైదానం నాలుగు మూలలా చిన్న జెండాలు పాతడం కెప్టెన్ పని, నేను తోడు పోయేవాణ్ణి. వాళ్ల నాన్న లారీ డ్రైవరు. ఉత్తరాన ఓడరేవు ఊరు వాళ్లది. యాస బండగా ఉంటుంది, నాకే సగం అర్థమయ్యేది కాదు. కాలేజీలో భోజనాల దగ్గర ఏ ఫోర్కు ముందు తీయాలో పక్కవాణ్ణి చూసి నేర్చుకున్నానని ఒకరోజు నవ్వుతూ చెప్పాడు. వాడి మాటని అనుకరించేవాళ్లు వాడికీ ఉన్నారు.

"వారమంతా నోట్లోంచి మాట వచ్చే ముందు దాన్ని ఇస్త్రీ చేస్తా సార్," అన్నాడు. "ఇక్కడ ఒక్కచోటే చెయ్యను."

నేను జెండా కర్రని ఇంకాస్త గట్టిగా పాతాను. నాకూ అంతే అని చెప్పొచ్చు. లెక్చరర్ని కదా, చెప్పలేదు.

మా జట్టు గొప్పది కాదు. ఒడ్డూ పొడుగూ ఉన్న పిల్లలందరూ రగ్బీకి పోయేవాళ్లు. "రగ్బీ ఆఫీసర్ల ఆట సార్, ఫుట్‌బాల్ సిపాయిల ఆట," అని సార్జెంట్ మొదట్లోనే చెప్పాడు. "ఇదేమో ఆఫీసర్లను తయారుచేసే చోటు. లెక్క మీకే తెలియాలి." క్రిస్మస్‌కి ముందు వరసగా ఓడిపోయాం. జనవరిలో గ్రౌండ్ గడ్డకట్టి మ్యాచ్‌లు జరగలేదు, ఫిబ్రవరిలో జరిగాయి, ఓడాం. అప్పుడు కాలేజీ పెద్ద, అంటే కమాండెంట్, సార్జెంట్‌ని పిలిచి మాట్లాడాడు. ఆయనేం చెడ్డవాడు కాదు. ఉన్నవి రెండు గ్రౌండ్లు. రగ్బీకి పిల్లలు ఎక్కువై రెండో జట్టు ఆడుకోవడానికి చోటు లేదు. లీగ్‌లో అట్టడుగున ఉన్న ఫుట్‌బాల్ జట్టు కోసం ఒక గ్రౌండ్ అట్టేపెట్టడం కష్టం అన్నాడట. అట్టడుగు నుంచి ఒక్క మెట్టు పైకొస్తే ఉంచుతాం, లేకపోతే వచ్చే ఏడాది నుంచి ఫుట్‌బాల్ ఉండదు.

సార్జెంట్ ఆ సంగతి బూట్లు విప్పుకుంటున్న కుర్రాళ్లకు చెప్పాడు.  కెప్టెన్ వేసవిలో కాలేజీ వదిలి పోయేవాడే, వాడికి పోయేదేమీ లేదు. అయినా అందరికంటే వాడి మొహమే పాలిపోయింది. "నాలాంటోడు వచ్చే ఏడాది కూడా ఒకడు వస్తాడు కదా సార్," అన్నాడు నాతో. "వాడు బుధవారం ఎక్కడికి పోతాడు?"

ఆ తర్వాత ఏం పూనిందో ఏమో, ఆడారు. రెండు గెలిచారు, ఒకటి డ్రా. ఒక మ్యాచ్‌లో కెప్టెన్ కొట్టిన గోల్‌కి నేను జెండా ఎత్తితే, వాడు మోకాళ్ల మీద కూలబడి, లేచి, ఆట అయ్యాక వచ్చి "కరెక్టే, లైనో" అనే పోయాడు. చివరికి లెక్క ఒక్క మ్యాచ్‌కి వచ్చింది. మా పైనున్న జట్టు ఆటలన్నీ అయిపోయాయి. షెఫీల్డ్‌లో అక్కడి కాలేజీతో మా ఆఖరి మ్యాచ్. గెలిస్తే ఒక మెట్టెక్కుతాం. డ్రా అయితే చాలదు.

ఆ ఉదయం ఫ్లాస్క్‌లో టీ పోస్తూ మా ఆవిడ అడిగింది, నవ్వకుండా. "ఇవాళ ఒక్కసారికి మీ ఊరి అంపైర్‌లా ఉంటే ఏమవుతుందండీ? మీకూ ఆ పిల్లలంటే ప్రాణం కదా. ఎవరు చూడొచ్చారు?"

"ఆ పిల్లోళ్లే చూస్తారు గదే," అన్నాను. "వాళ్లకంతా తెలుస్తాది."

"తెలిస్తే ఏమంటారు? గ్రౌండ్ దక్కిందని సంతోషిస్తారు."

ఫ్లాస్క్ సంచిలో పెట్టుకుని బయల్దేరాను. మోటార్‌వే మీద బస్సులో పోతున్నంతసేపూ ఆ మాటే నమిలాను. అలాంటి పరిస్థితి రాకుండా చూడు తండ్రీ అని వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాను కూడా. ఆఫ్‌సైడ్ కోసం మొక్కుకున్నవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

షెఫీల్డ్‌లో గ్రౌండ్ ఒక గుట్ట పక్కన ఉంది. సన్నగా వాన. మొదటి సగంలోనే వాళ్లొక గోల్ కొట్టారు. రెండో సగంలో మావాళ్లు తిప్పి కొట్టారు. ఒకటి-ఒకటి. చివరి పావుగంట మావాళ్లే వాళ్ల మీద పడ్డారు, అంటే ఆటంతా నా ముందే. నా గుండె చప్పుడులో బంతి చప్పుడు వినబడదేమోనని భయమేసింది.

ఇంకాసేపట్లో అయిపోతుందనగా మధ్యలోంచి మావాడొకడు పొడుగ్గా బంతి తన్నాడు. ఆ చప్పుడు విన్నాను. ఆ క్షణంలో నా కళ్ల ముందు ఆఖరి డిఫెండర్ ఉన్నాడు, అతనికి అవతల ఒక అడుగు ముందుకి మా కెప్టెన్ ఉన్నాడు. ఒక్క అడుగు. కెప్టెన్ బంతి అందుకున్నాడు, గోల్‌కీపర్‌ని తప్పించాడు, గోల్‌లోకి తోశాడు. మావాళ్లంతా కేకలు వేస్తూ వాడి మీదికి దూకారు. సార్జెంట్, ఆ మోకాలితో, గెంతాడు.

నా చెయ్యి అప్పటికే పైన ఉంది. ఎప్పుడెత్తానో నాకు తెలియదు.

రిఫరీ విజిల్ ఊది నా వైపు చెయ్యి చూపించాడు. కేకలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.  కెప్టెన్ నా మీదికి పరుగెత్తుకొచ్చాడు. మొహమంతా బురద, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మీరసలు ఎవరి వైపు?" అని అరిచాడు. ఆ ముందూ వెనకా ఉన్న బూతులు రాయను. "ఎవరి వైపు మీరు?"

బూతులకు నాకేం కాలేదు. ఆ ప్రశ్నకి మాత్రం ప్రాణం చివుక్కుమంది. ఆ దేశంలో నన్నా ప్రశ్న రకరకాలుగా అడిగారు, ఇండియాతో క్రికెట్ మ్యాచ్ జరిగిన ప్రతిసారీ స్టాఫ్‌రూములో నవ్వుతూ అడిగారు. ఆ కుర్రాడు అడుగుతాడనుకోలేదు. జెండా మాత్రం దించలేదు. సార్జెంట్ వచ్చి వాణ్ణి జబ్బ పట్టుకుని లాక్కుపోయాడు. ఆట ఒకటి-ఒకటిగానే ముగిసింది.

ఆ వేసవి సెలవులయ్యేసరికి మా గ్రౌండ్‌లో గోల్‌పోస్టులు పీకేసి రగ్బీ కొయ్యలు పాతారు. సెప్టెంబర్ రోటాలో నాకు చెస్ పడింది. వెచ్చగా గదిలో కూర్చునే పని. అందరూ అదృష్టవంతుడివన్నారు.

ఆ రోజు షెఫీల్డ్ నుంచి తిరుగు ప్రయాణంలో బస్సులో నా పక్క సీటు ఖాళీ.  "కరెక్టే, లైనో" అనడానికి ఒక్కడూ రాలేదు. రావాలని నేనూ అనుకోలేదు. నిజానికి అనుకున్నాను. బస్సు ఎక్కే దగ్గర అందరికంటే ముందు నిలబడి, ఒక్కొక్కడూ నన్ను దాటి పోతుంటే మొహాలు చూశాను. సార్జెంట్ తన సీట్లోంచి చెయ్యి చాపి నా ఫ్లాస్క్ తీసుకుని, రెండు కప్పుల్లో పోసి, ఒకటి నాకిచ్చి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

సగం దారిలో కెప్టెన్ లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తల ఇంకా తడిగానే ఉంది.

"ఎంత సార్?" అన్నాడు.

"ఒక అడుగు."

"అంత లేదు."

"ఒక అడుగే."

కాసేపు ముందు సీటు వెనక గుడ్డని గోటితో గీకాడు. "నాకు తెలుసు," అన్నాడు. "పరుగు మొదలెట్టినప్పుడే తెలుసు, తొందరపడ్డానని."

నాకు కోపమొచ్చింది. పెద్దమనిషిలా ఊరుకోవాల్సింది, ఊరుకోలేకపోయాను. "తెలిసి మరి అందరి ముందూ ఆ మాట ఎందుకన్నావు? ఎవరి వైపు అని నన్నెందుకడిగావు?"

వాడు నా వైపు చూడలేదు. వాడి నోట్లోంచి మాట ఇస్త్రీ లేకుండా, వాళ్ల ఓడరేవు యాసలో వచ్చింది.

"మీరు మా వైపు ఉంటే బాగుండని, సార్. ఒక్క నిమిషం. తప్పని తెలిసినా."

నేను నోరు తెరిచాను. ఇంగ్లీషులో ఏదో చెప్పాలనుకున్నాను, మంచి మాటే, నిజాయితీ గురించి. బయటికొచ్చింది వేరే, అదీ తెలుగులో.

"నాకూ అట్లనే ఉండాలనిపించిందిరా."

"ఏంటి సార్?"

అప్పుడు వాడి భాషలో చెప్పాను. వాడు తలూపలేదు, కరెక్టే అనలేదు. మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, మొహం చేతుల్లో పెట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను వాడి వీపు మీద చెయ్యి వేశాను. అక్కడ పిల్లల ఒంటి మీద అలా చెయ్యి వెయ్యకూడదని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. కాలేజీ గేటు వచ్చేవరకూ తీయలేదు.